‘అన్న చూసుకుంటాడు’ అన్న భరోసా చట్టానికి ఆనదు

ప్రతి నెలా ఒకటో తేదీన సచివాలయ ఉద్యోగి పింఛను డబ్బుతో గుమ్మంలోకి వచ్చినప్పుడు, ముప్పై ఏళ్ల కొడుకు వేలిని పట్టి యంత్రం మీద ఆనించేది తల్లి. నోట్లు లెక్కపెట్టుకుని కొంగున ముడేసుకునేదీ ఆమే. మేధో వైకల్యమో, ఆటిజమో, సెరిబ్రల్ పాల్సీయో ఉన్న బిడ్డల ఇళ్లలో కోనసీమ అంతటా మామూలుగా జరిగేది ఇదే. చట్టం దృష్టిలో మాత్రం ఆ కొడుక్కి పద్దెనిమిదేళ్లు నిండిన నాడే ఆమె గార్డియన్ హోదా ముగిసింది. అప్పటి నుంచి అతడి తరఫున సంతకం పెట్టే అధికారం తల్లికీ లేదు, తండ్రికీ లేదు. ఈ సంగతి చాలా కుటుంబాలకు తెలిసేది బ్యాంకులోనో, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనో కాగితం వెనక్కి వచ్చినప్పుడే.

“మేం పోయాక వీణ్ని ఎవరు చూస్తారు?” వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరాల్లో, ప్రత్యేక పాఠశాలల్లో, కలెక్టరేట్ అర్జీల వరుసల్లో తల్లిదండ్రులు ఏళ్ల తరబడి అడుగుతున్న ప్రశ్న ఇది. అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు దానికి దొరికే జవాబు కూడా దాదాపు ఒకటే: “అన్న ఉన్నాడుగా, చూసుకుంటాడు.” అన్న మనసు మంచిదే కావచ్చు. కానీ ఈ జవాబుతో మూడు వేర్వేరు పనులు ఒకే మనిషి నెత్తిన పడుతున్నాయి. వేళకు అన్నం, మందులు చూడటం ఒకటి. ఆస్తినీ డబ్బునూ నడపడం రెండోది. తమ్ముడి తరఫున సంతకం పెట్టడం మూడోది. మూడూ ఒకే చేతిలో ఉండి, ఆ చేతిని లెక్క అడిగే నాథుడు లేకపోవడమే అసలు ప్రమాదం. మన చట్టాల్లోని ఖాళీలు ఆ ప్రమాదాన్ని మరింత పెంచుతున్నాయి.

2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగులు 22.66 లక్షల మంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. చూపు, వినికిడి, నడక లోపం ఉన్నవారికి గార్డియన్ అవసరం లేదు. వారి సంతకానికి అందరి సంతకంతో సమానమైన విలువ ఉంది. ఇక్కడ చర్చ ప్రధానంగా సొంతంగా ఒప్పందాలు చేసుకోవడం, డబ్బు వ్యవహారాలు చూసుకోవడం కష్టమైన వారి గురించి.

హక్కు ఉంది, రక్షణ లేదు

పాత హిందూ ధర్మశాస్త్రం అంధులను, బధిరులను, మూగవారిని, మతిస్థిమితం లేనివారిని వారసత్వం నుంచి తప్పించింది. 1928లో వచ్చిన చట్టం ఆ అనర్హతలను చాలా వరకు తొలగించినా, పుట్టుకతో మానసిక వైకల్యం ఉన్నవారిని మాత్రం బయటే ఉంచింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్‌తో ఆ అడ్డంకీ పోయింది. తండ్రి వీలునామా రాయకుండా పోతే మేధో వైకల్యం ఉన్న కొడుక్కీ, కూతురికీ మిగతా పిల్లలతో సమానంగా వాటా వస్తుంది. కోనసీమలో చాలామంది తండ్రులు మంచి జరుగుతుందనుకుని చేసే పని, ఆ పిల్లలకు చట్టమే ఇచ్చిన ఈ వాటాను తీసేస్తోంది.

రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు దస్తావేజు లేఖరి దగ్గర కూర్చున్న తండ్రి చెప్పేది సాధారణంగా ఇలా ఉంటుంది: కొబ్బరి తోట, ఇల్లు పెద్దవాడి పేర రాయండి, చిన్నవాడికి ఏమీ తెలియదు కాబట్టి వాడి పేర పెడితే చిక్కులొస్తాయి, అన్న వాణ్ని చూసుకుంటాడు. లేఖరి చివర్లో ఒక వాక్యం చేరుస్తాడు: ‘నా పెద్ద కుమారుడు నా రెండవ కుమారుని జీవితాంతము పోషించుకొనవలెను’. ఎంత డబ్బు, ఏ ఆస్తి ఆదాయం నుంచి, ఇవ్వకపోతే ఏమవుతుంది అన్నవి అందులో ఉండవు. ఆస్తినీ మొత్తాన్నీ స్పష్టంగా పేర్కొని, ఆ ఆస్తి మీద పోషణ భారం ఉందని రాస్తే కోర్టు దాన్ని అమలు చేయించగలదు. తండ్రి కోరికలా మిగిలిన వాక్యాన్ని అమలు చేయించడం కష్టం. పైగా దావా వేయాల్సింది తమ్ముడు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం అతడి తరఫున వేరొకరు హితుడిగా నిలబడాలి. ఆ స్థానంలో మామూలుగా ఉండేది ఎవరి మీద దావా వేయాలో ఆ అన్నే.

పోషణ చట్టాలైనా ఆదుకుంటాయా అంటే అక్కడా గండి ఉంది. పాత సీఆర్‌పీసీ 125వ సెక్షన్, దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ ప్రకారం, వైకల్యం వల్ల తనను తాను పోషించుకోలేని సంతానానికి మేజరైన తర్వాత కూడా తల్లిదండ్రులు భరణం ఇవ్వాలి. అన్నదమ్ములకు ఆ బాధ్యత లేదు. 1956 నాటి హిందూ దత్తత, పోషణ చట్టం ప్రకారం, చనిపోయిన వ్యక్తి మీద ఆధారపడ్డవారిని అతడి ఆస్తి పొందిన వారసులు పోషించాలి. ఆ ఆధారితుల జాబితాలో మైనరు కొడుకు ఉన్నాడు, పెళ్లికాని కూతురు ఉంది. మేజరైన వికలాంగ కొడుకు లేడు. అంటే ఆస్తంతా పెద్దకొడుక్కి రాసిన తండ్రి, వీలునామా లేకుండా పోయి ఉంటే చిన్నవాడికి దక్కే వాటాను తీసేశాడు. దాని బదులు అమలు చేయించుకోగల హక్కేదీ ఇవ్వలేదు.

కూతుళ్ల విషయం మరోలా ఉంటుంది. జీవితకాలం అనుభవించి, తర్వాత అన్నకు చెందేలా రాసే వీలునామాలు కోనసీమలో కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు 1977లో ఒక ముఖ్యమైన సూత్రం చెప్పింది: పోషణ హక్కుకు బదులుగా స్త్రీకి ఇచ్చిన పరిమిత హక్కు, 1956 చట్టం 14వ సెక్షన్ వల్ల సంపూర్ణ హక్కుగా మారుతుంది. అలాంటి దస్తావేజు ఆ కూతురికి మేలు చేయవచ్చు, తర్వాతి తరానికి వ్యాజ్యాన్నీ తెచ్చిపెట్టవచ్చు. హిందువులు కానివారి నిబంధనలు వేరు. క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. ముస్లింలు వీలునామా ద్వారా సాధారణంగా మూడో వంతు ఆస్తినే రాయగలరు.

ఇక మూడో దారి, వాటాదారుల జాబితాలోంచి పేరే ఎత్తేయడం. తండ్రి పోయాక కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో తమ్ముడి పేరు రాయించకుండా, మిగతా వారు పంపకాల దస్తావేజు చేసుకుని తోట అమ్మేస్తారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం, దస్తావేజు రాసిచ్చే వ్యక్తికి మతిస్థిమితం లేదని కనిపిస్తే రిజిస్ట్రార్ తిరస్కరించాలి. ఆ గొడవ తప్పించుకోవడానికే ఈ ఎత్తు. లిమిటేషన్ చట్టం 6వ సెక్షన్ ప్రకారం అలాంటి వ్యక్తి విషయంలో, వైకల్యం కొనసాగినంత కాలం దావా గడువు మామూలుగా ముగిసిపోదు. కాబట్టి అమ్మినవారికీ కొన్నవారికీ ఆ టైటిల్ దశాబ్దాల పాటు ప్రశ్నార్థకంగానే ఉంటుంది. తమ్ముడి పేరు ఎత్తేయడం నీతి రీత్యా తప్పు, ఆస్తి విలువ రీత్యా కూడా తెలివితక్కువ పని.

జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద వేలిముద్ర వేయిస్తే సరిపోతుందన్న అపోహ కూడా బలంగా ఉంది. ఒప్పందాల చట్టం ప్రకారం అధికారం ఇచ్చే వ్యక్తికి తానేం ఇస్తున్నాడో తెలిసి ఉండాలి. తర్వాత మతి తప్పినా జీపీఏ రద్దవుతుంది. సింగపూర్, బ్రిటన్‌లలో ఉన్న శాశ్వత పవర్ ఆఫ్ అటార్నీ వంటిది మనకు లేదు. బిడ్డను చూసుకుంటున్న తల్లికే మతిమరుపు వ్యాధి వస్తే, ఒకే ఇంట్లో రెండు తరాల సంతకాలూ చెల్లకుండా పోతాయి.

కువైట్‌లో తల్లి, అమెరికాలో అన్న

కోనసీమకు ఈ సమస్య రెండింతలు కావడానికి వలస ఒక కారణం. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు నుంచి మహిళలు ఇళ్లలో పనికి కువైట్, మస్కట్ వెళ్లడం దశాబ్దాలుగా ఉంది. వైకల్యం ఉన్న బిడ్డ అమ్మమ్మ దగ్గర పెరుగుతుంటే, పంపే డబ్బు మేనమామ ఖాతాలో పడుతుంది. బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండే సమయానికి గార్డియన్‌షిప్ దరఖాస్తు మీద సంతకం పెట్టాల్సిన తల్లి వేరే దేశంలో ఉంటుంది. ఇంకోవైపు, చదువుకున్న కుటుంబాల్లో ‘చూసుకునే అన్న’ టెక్సస్‌లోనో, న్యూజెర్సీలోనో స్థిరపడి ఉంటాడు.

మేధో వైకల్యం వంటివి ఉన్న మేజర్లకు గార్డియన్లను నియమించే జాతీయ ట్రస్టు చట్టం నిబంధనల ప్రకారం, గార్డియన్‌గా నియమితులయ్యేవారు భారత పౌరులై ఉండాలి. అమెరికా పౌరసత్వం తీసుకున్న రోజున అన్న ఆ అర్హత కోల్పోతాడు. తోట సంగతీ అంతే. విదేశీ మారకద్రవ్య నిబంధనల ప్రకారం ప్రవాస భారతీయులు, ఓసీఐ కార్డుదారులు వ్యవసాయ భూమినీ తోటలనూ కొనకూడదు, దానంగానూ పుచ్చుకోకూడదు; వారసత్వంగా మాత్రం పొందవచ్చు. ‘ఇప్పుడే దాన సెటిల్‌మెంట్ చేసేద్దాం, వాడు వచ్చినప్పుడల్లా తమ్ముణ్ని చూసుకుంటాడు’ అన్న ఆలోచన మొదటి మెట్టులోనే తప్పుతుంది. విదేశంలో ఉన్న అన్నకు డబ్బు పర్యవేక్షణ అప్పగించి, ఊళ్లో ఉండే అక్కకో పిన్నికో సంరక్షణ అప్పగించడం మేలు. మూడు పనులనూ విడదీయాలన్న వాదనకు వలసే అన్నిటికంటే బలమైన ఆధారం.

గార్డియన్ కావాలా, తోడు చాలా?

18 ఏళ్లు దాటిన వారికి సంరక్షకుణ్ని నియమించే సులువైన దారి 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి ఇది వర్తిస్తుంది. ప్రతి జిల్లాలో కలెక్టర్ స్థాయి అధికారి, ఒక నమోదిత స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, ఒక దివ్యాంగుడు ఉండే స్థానిక స్థాయి కమిటీ దరఖాస్తును పరిశీలిస్తుంది. కోర్టు ఖర్చు, లాయరు ఫీజు అక్కర్లేదు. గార్డియన్ అవసరమా, ఏ పనులకు అవసరం అన్నది కమిటీ ముందుగా తేల్చాలి. నియమితుడైన గార్డియన్ ఆరు నెలల్లోపు ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లో లెక్కలు సమర్పించాలి. దుర్వినియోగం చేస్తే తొలగించవచ్చు. ఈ ధ్రువపత్రాన్ని బ్యాంకు ఖాతాలకు అంగీకరించవచ్చని రిజర్వు బ్యాంకు 2007లోనే సర్క్యులర్ ఇచ్చింది.

కాగితం మీద ఇంతకంటే చవకైన ఏర్పాటు ఉండదు. ఆచరణ కమిటీ ఎంత తరచుగా కూర్చుంటుందన్న దానిమీద ఆధారపడి ఉంటుంది. మూడు నెలలకు ఒకసారైనా సమావేశం కావాలని చట్టమే చెబుతోంది. 2022 ఏప్రిల్ 4న కోనసీమ ప్రత్యేక జిల్లా అయింది. దరఖాస్తులు కాకినాడ వెళ్లే దూరం తగ్గింది కానీ, సమావేశ తేదీలు ముందుగా ప్రకటించనిదే ఆ దగ్గరతనం వల్ల ప్రయోజనం రాదు.

ఇక్కడే రెండు వాదాలు ఢీకొంటున్నాయి. భారత్ 2007 అక్టోబరు 1న ఆమోదించిన ఐక్యరాజ్య సమితి దివ్యాంగుల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం, ప్రతి దివ్యాంగుడికీ అందరితో సమానమైన చట్టబద్ధ సామర్థ్యం ఉందంటోంది. గార్డియన్ అతడి స్థానంలో నిర్ణయం తీసుకోకూడదు, నిర్ణయం తీసుకోవడానికి తోడు మాత్రమే ఇవ్వాలి అన్నది హక్కుల సంఘాల వాదన. 2019లో భారత్ నివేదికను పరిశీలించిన ఐరాస కమిటీ కూడా సంరక్షకత్వ వ్యవస్థనే తొలగించమని సూచించింది. మన 2016 చట్టం మధ్యేమార్గం పట్టింది. 14వ సెక్షన్ కింద ‘పరిమిత సంరక్షకత్వం’ పెట్టింది: నిర్ణీత కాలానికి, నిర్ణీత పనికి, ఇద్దరూ కలిసి తీసుకునే నిర్ణయం. తోడుగా ఉన్నవారికి ఆ ఆస్తిలో స్వార్థం ఉంటే ఆ లావాదేవీ నుంచి తప్పుకోవాలని 13వ సెక్షన్ ఆదేశిస్తోంది. పైన చెప్పిన అన్నదమ్ముల పంపకానికి ఇది నేరుగా వర్తించే నియమం.

తల్లిదండ్రుల సంఘాల వాదన వేరు. ఇరవై నాలుగు గంటలూ ఒకరి మీద ఆధారపడే బిడ్డకు ‘కలిసి తీసుకునే నిర్ణయం’ అంటే ఏమిటని వారు అడుగుతారు. గార్డియన్ పత్రం లేనిదే బ్యాంకు కదలదు, పింఛను రాదు, ఆసుపత్రి సమ్మతి పత్రం పూర్తికాదు అన్నది వారి రోజువారీ అనుభవం. రెండు వాదాల్లోనూ నిజం ఉంది. మాట్లాడలేని వ్యక్తికీ ఇష్టాయిష్టాలు ఉంటాయి; ఎవరి దగ్గర ఉండాలో, ఎవరంటే భయమో చూపుతోనే చెబుతాడు. అది నమోదు చేసే బాధ్యత కమిటీ మీద పెట్టి, అధికారాన్ని పనికి తగ్గట్టు కుదించి, ఏటా లెక్క అడిగితే రెండు పక్షాల ఆందోళనకూ చాలా వరకు జవాబు దొరుకుతుంది.

అసలు గండి మానసిక అనారోగ్యం దగ్గర ఉంది. స్కిజోఫ్రీనియా వంటి వ్యాధులు జాతీయ ట్రస్టు చట్టం పరిధిలోకి రావు. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం కింద జిల్లా కోర్టు ఆస్తి నిర్వాహకుణ్ని నియమించేది. దాని స్థానంలో వచ్చిన 2017 చట్టం చికిత్స నిర్ణయాలకు ప్రతినిధిని ఎన్నుకునే హక్కు ఇచ్చింది గానీ, ఆస్తి మాట వదిలేసింది. కోమాలో ఉన్నవారి కుటుంబాలైతే హైకోర్టుల్లో రిట్లు వేసుకుంటున్నాయి. కేరళ హైకోర్టు 2019లో అందుకు ప్రత్యేకంగా మార్గదర్శకాలే ఇవ్వాల్సి వచ్చింది. మామిడికుదురులోనో ఐ.పోలవరంలోనో ఉన్న రైతు కుటుంబం ఆ దారిలో అమరావతి దాకా వెళ్లగలదా?

డబ్బు ఎక్కడి నుంచి, ఎంతకాలం?

2024లో రాష్ట్ర ప్రభుత్వం దివ్యాంగుల పింఛన్ను రూ.3,000 నుంచి రూ.6,000కు పెంచింది, మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైన తీవ్ర వైకల్యానికి రూ.15,000 ఇస్తోంది. దేశంలో చాలా రాష్ట్రాల కంటే ఇది మెరుగు. కానీ ఈ పెంపు ధరల సూచీని బట్టి కాదు, ఎన్నికల హామీని బట్టి వచ్చింది. ముప్పై ఏళ్ల బిడ్డకు ఇంకో ముప్పై, నలభై ఏళ్ల ప్రణాళిక దాని మీదే వేయలేం. కుటుంబ ఆదాయం, భూమి, కారు, కరెంటు వాడకం వంటి కొలమానాలతో పింఛను ముడిపడి ఉన్నందున, మొత్తం ఆస్తి బిడ్డ పేర పెట్టే ముందు ఆ లెక్క కూడా చూసుకోవాలి.

ఈ ప్రాంతంలో పొదుపు అంటే భూమే. కొబ్బరి తోట రెండు నెలలకోసారి దింపుతో డబ్బిస్తుంది, కౌలుకిచ్చినా పలుకుతుంది. అయితే 1996 నవంబరు 6 నాటి తుపాను ఒక్క రాత్రిలో ఎన్ని తోటలను పడగొట్టిందో కోనసీమకు ఎవరూ చెప్పక్కర్లేదు. తిరిగి నాటిన చెట్టు కాపుకొచ్చేదాకా అయిదారేళ్ల ఆదాయం పోయింది. లంక గ్రామాల్లో ఏటి కోతకు భూమే పోతుంది. దింపు కూలీలను పిలవడం, అంబాజీపేట కొబ్బరి మార్కెట్ ధర చూసుకోవడం, కౌలు వసూలు చేయడం చేతగాని మనిషికి ఆదాయమంతా ఒకే తోట నుంచి రావాలనుకోవడం జూదమే. కొంత భూమిని ముందుగానే డిపాజిట్లు, యాన్యుటీలుగా మార్చడం చాలామందికి మింగుడుపడదు. బిడ్డకు నెలనెలా క్రమం తప్పని ఆదాయం దక్కేది మాత్రం అలాంటి వాటి నుంచే.

ఉద్యోగుల కుటుంబాలు చాలాసార్లు వదిలేసే హక్కు ఒకటుంది. ప్రభుత్వ ఉద్యోగి పోయాక, సంపాదించుకోలేని వికలాంగ సంతానానికి జీవితాంతం కుటుంబ పింఛను వస్తుంది. ఈపీఎఫ్ పింఛను పథకంలోనూ పూర్తి శాశ్వత వైకల్యం ఉన్న సంతానానికి వయసుతో నిమిత్తం లేకుండా నెలవారీ పింఛను ఉంది. రిటైరైన ఉపాధ్యాయుడు బతికుండగానే పింఛను కాగితాల్లో ఆ బిడ్డ పేరు, వైకల్య ధ్రువపత్రం చేర్పించకపోతే, తర్వాత తల్లి ఒక్కత్తే ట్రెజరీ చుట్టూ తిరగాలి. జాతీయ ట్రస్టు నిరామయ పథకం నామమాత్రపు రుసుముతో ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య బీమా ఇస్తుంది. ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే థెరపీలూ అందులో ఉన్నాయి.

పన్ను రాయితీలో ఒక పాఠం ఉంది. ఆదాయపు పన్ను చట్టం 80డీడీ కింద వికలాంగ ఆధారితుడి కోసం కట్టే బీమాకు మినహాయింపు ఉండేది గానీ, తల్లిదండ్రులు చనిపోయాకే ఆ డబ్బు బిడ్డకు రావాలన్న షరతు ఉండేది. ఒక దివ్యాంగుడు సుప్రీంకోర్టుకు వెళ్తే, 2019 జనవరిలో కోర్టు పిటిషన్ కొట్టేస్తూనే షరతును పునఃపరిశీలించమని కేంద్రానికి సూచించింది. 2022 బడ్జెట్‌లో, తల్లిదండ్రులకు అరవై ఏళ్లు దాటితే వారు బతికుండగానే చెల్లింపు మొదలయ్యేలా సవరించారు. ఇంతా చేస్తే కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఈ మినహాయింపే లేదు.

మిగిలింది ప్రైవేటు ట్రస్టు. 1882 నాటి చట్టం కింద తండ్రి ఆస్తిని ట్రస్టీలకు అప్పగించి, ఆదాయం బిడ్డకే ఖర్చు చేయాలని రాయవచ్చు. స్థిరాస్తి అయితే దస్తావేజు రిజిస్టర్ చేయాలి, లేదా వీలునామాలో ట్రస్టు ఏర్పాటు చేయాలి. విచక్షణాధికార ట్రస్టుల ఆదాయానికి సాధారణంగా గరిష్ఠ పన్ను పడుతుంది. ఒక వ్యక్తి వీలునామా ద్వారా ఏర్పాటు చేసే ఏకైక ట్రస్టుకు మాత్రం మామూలు రేట్లు వర్తిస్తాయి. కాబట్టి చాలా కుటుంబాలకు వీలునామా దారే నయం. చిక్కల్లా ట్రస్టీ దగ్గర వస్తుంది. ట్రస్టులు నిర్వహించే కంపెనీలు కోట్ల ఆస్తి ఉన్నవారి కోసం ఉన్నాయి. రెండెకరాల తోట, పది లక్షల డిపాజిట్ ఉన్న కుటుంబానికి దొరికే ట్రస్టీ మళ్లీ బంధువే.

చిన్న ఆస్తులకు ప్రభుత్వ ట్రస్టీ

సింగపూర్ ఈ ముడి విప్పింది. అక్కడి ప్రభుత్వ మద్దతుతో 2008లో లాభాపేక్ష లేని ప్రత్యేక అవసరాల ట్రస్టు కంపెనీ ఏర్పడింది. అయిదు వేల సింగపూర్ డాలర్లతోనే ఖాతా తెరవవచ్చు. బిడ్డ అవసరాలు, ఖర్చుల ప్రణాళిక తల్లిదండ్రులు బతికుండగానే రాయిస్తారు; వారి తర్వాత కంపెనీ నెలనెలా సంరక్షకుడికి డబ్బు పంపుతూ, బిడ్డ ఎలా ఉన్నాడో చూస్తుంది. అసలు మొత్తానికి పబ్లిక్ ట్రస్టీ ద్వారా ప్రభుత్వ హామీ ఉంటుంది. రుసుములో ఎక్కువ భాగం సర్కారే భరిస్తుంది. హాంకాంగ్ 2018లో సంక్షేమ శాఖ డైరెక్టర్‌నే ట్రస్టీగా చేసి ఇలాంటి ఏర్పాటు తెచ్చింది.

కెనడా పొదుపు వైపు నుంచి వచ్చింది. 2008లో మొదలైన దివ్యాంగుల పొదుపు పథకంలో కుటుంబం వేసే ప్రతి డాలరుకు, ఆదాయాన్ని బట్టి మూడు డాలర్ల వరకు ప్రభుత్వం జోడిస్తుంది. అమెరికాలో లాభాపేక్ష లేని సంస్థలు చిన్న చిన్న ఖాతాలను కలిపి ఉమ్మడి ట్రస్టుగా నడుపుతాయి. అక్కడ రెండు వేల డాలర్లు మించి సొంత ఆస్తి ఉంటే ఎస్ఎస్ఐ అనే ప్రభుత్వ భృతి పోతుంది కాబట్టి ట్రస్టు తప్పనిసరి అవుతుంది. అక్కడి తెలుగు కుటుంబాల్లో ఇండియాలోని తాతగారు ప్రేమతో మనవడి పేర నేరుగా స్థలం రాస్తే ఆ భృతికే ఎసరు రావచ్చు. జర్మనీ 1992లోనే వ్యక్తిని అసమర్థుడిగా ప్రకటించే పద్ధతి తీసేసి, కోర్టు పర్యవేక్షణలో అవసరమైన పనులకే సహాయకుణ్ని ఇచ్చే విధానానికి మారింది. 2023 సంస్కరణతో ఆ వ్యక్తి ఇష్టానికి మరింత ప్రాధాన్యం ఇచ్చింది. ఈ దేశాలన్నిటిలో సంరక్షణ బంధువుల చేతిలోనే ఉన్నా, డబ్బు మీదో అధికారం మీదో బయటి కన్ను ఒకటి ఉంటోంది.

ఆంధ్రప్రదేశ్‌కు ఇందుకోసం కొత్త సంస్థ కూడా అక్కర్లేదు. 1913 నాటి అధికారిక ట్రస్టీల చట్టం ప్రకారం ప్రతి రాష్ట్రంలో ప్రభుత్వం ఒక అధికారిక ట్రస్టీని నియమించాలి. ఎవరైనా అతడి సమ్మతితో దస్తావేజు ద్వారానో వీలునామా ద్వారానో అతణ్ని ట్రస్టీగా పెట్టుకోవచ్చు. అతడి నిర్వహణలో వచ్చే బాధ్యతలకు ప్రభుత్వం జవాబుదారీ. నూటపన్నెండేళ్లు దాటిన ఈ చట్టాన్ని దుమ్ము దులిపి, దివ్యాంగుల కోసం ఉమ్మడి నిధి విభాగం పెడితే, అయిదు లక్షలున్న కుటుంబం కూడా చేరగలుగుతుంది. తోటను కౌలుకిచ్చి వసూలు చేసే బాధ్యత స్థానిక సంస్థకో, సహకార సంఘానికో అప్పగించి లెక్కలు ట్రస్టీకి పంపించవచ్చు. ప్రభుత్వ ఆఫీసులో ఫైలు కదలదన్న అనుమానం సహజం. అందుకే నెలవారీ చెల్లింపు పింఛనులా నేరుగా ఖాతాలో పడాలి, విచక్షణ అవసరమైన ఖర్చులకే అనుమతి అడగాలి.

చట్ట సవరణల్లో మొదటిది పోషణ చట్టంలోని ఆధారితుల జాబితాలో మేజరైన వికలాంగ సంతానాన్ని చేర్చడం. రెండోదానికి నమూనా మన దగ్గరే ఉంది. 2007 నాటి వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్ ప్రకారం, చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాయించుకుని చూడకపోతే ట్రిబ్యునల్ ఆ దస్తావేజును రద్దు చేయగలదు. ఆ రక్షణ రాసిచ్చిన వృద్ధుడికే. అతడి తర్వాత మిగిలిన బిడ్డకు లేదు. అదే వాక్యాన్ని దివ్యాంగులకు విస్తరిస్తే, ‘అన్న చూసుకుంటాడు’ అన్న మాటకు మొదటిసారి చట్టబలం వస్తుంది. ఆస్తిపరులైన అన్నలకు ఇది అన్యాయమని, భయపడి బాధ్యతే తీసుకోరని కొందరి వాదన. బాధ్యతకు తగిన ప్రతిఫలం దస్తావేజులోనే రాస్తే ఆ భయం తగ్గుతుంది. సంరక్షణ చేసే అన్నకో వదినకో తోట ఆదాయంలో కొంత భాగం న్యాయంగా దక్కాలి.

కుటుంబాలు ఈ సవరణల కోసం ఆగక్కర్లేదు. బిడ్డకు పద్దెనిమిది నిండకముందే వైకల్య ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు ఖాతా సిద్ధం చేసుకుని, నిండగానే కమిటీకి దరఖాస్తు పెట్టాలి. మొదటి గార్డియన్‌తో పాటు ఆ తర్వాత ఎవరన్నదీ వీలునామాలో రాయాలి. ఆస్తి పెద్దవాడికే ఇవ్వదలిస్తే, నెలకు ఎంత, ఏ సర్వే నంబరు ఆదాయం నుంచి అన్నది రిజిస్టరైన దస్తావేజులో భారంగా రాయించాలి. అప్పుడు ఆస్తి మీది భారాలు చూపే ఈసీ తీసిన ప్రతి కొనుగోలుదారుకూ అది కనిపిస్తుంది. నామినీగా పేరు ఉంటే సొమ్ము అతడిదే అనుకోకూడదు. బ్యాంకు డిపాజిట్లు, షేర్ల విషయంలో నామినీ తీసుకుని వారసులకు అప్పగించే వ్యక్తి మాత్రమేనని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. ఏ మందు ఏ పూట, ఫిట్స్ వస్తే ఏం చేయాలి, ఎవరి చేతి అన్నం తింటాడు, దేనికి బెదురుతాడు అన్న వివరాలతో ఒక నోట్‌బుక్ కూడా ఉండాలి. చట్టం దాన్ని పత్రంగా గుర్తించదు, రేపు వచ్చే సంరక్షకుడికి మాత్రం వీలునామా కంటే ముందు అవసరమయ్యేది అదే.

జిల్లా యంత్రాంగం వెంటనే చేయగలిగినవీ ఉన్నాయి. స్థానిక స్థాయి కమిటీ ఏడాదిలో నాలుగు సమావేశాల తేదీలను ముందే ప్రకటించి, కొత్తపేట డివిజన్‌కూ రాజోలుకూ వంతుల వారీగా వెళ్లి కూర్చోవచ్చు. గల్ఫ్‌లో ఉన్న తల్లుల సమ్మతిని రాయబార కార్యాలయం ధ్రువీకరణతో స్వీకరించవచ్చు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జారీ చేసేటప్పుడు పింఛను జాబితాతో సరిపోల్చితే, వైకల్యం ఉన్న వారసుడి పేరు ఎగిరిపోయిందో లేదో తహసీల్దారుకు తెలిసిపోతుంది. ఆ రెండు జాబితాలూ ఇప్పటికే ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. గార్డియన్లు ఏటా ఇవ్వాల్సిన లెక్కలు ఎందరు ఇచ్చారు, ఎందరికి నోటీసులు వెళ్లాయి అన్నది కలెక్టరేట్ ప్రతి జులైలో వెల్లడించడానికి కొత్త చట్టంతో పనిలేదు.